ఇంటి మాటకు ఇరవై మార్కులు

పొద్దెక్కినా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

కల్పన వంటింటి గడపకు ఆనుకుని కూర్చుంది. నిన్న సాయంత్రం తిరుపతి సారు వచ్చి ఆ మాట చెప్పి పోయినప్పటి నుంచి ఆమె అత్తతో మాట్లాడడం మానేసింది. రాత్రి కంచంలో అన్నం పెట్టింది, చెంబుతో నీళ్లు పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు.

యాకమ్మ వాకిట్లో చాట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తొడిమ తీసిన కాయనే మళ్లీ మళ్లీ చేతిలోకి తీసుకుంటోందని ఆమె గమనించలేదు.

కొడుకు దేవేందర్ పొద్దున్నే భూపాలపల్లి నుంచి దిగాడు. అక్కడ బొగ్గు గనిలో కాంట్రాక్టరు కింద పని. సంచి కింద పెట్టి భార్య మొఖం చూశాడు, తల్లి మొఖం చూశాడు, మంచం మీద కూలబడ్డాడు.

"ఎవలన్న నోరిప్పుతరా, నేను మళ్ల బస్సెక్కాల్నా?"

"మీ అవ్వనడుగు," అంది కల్పన. "ఆమె నోరిప్పినందుకే గీ గతి."

"ఫోన్ల సగమే జెప్పినవ్. పరీక్షల మన హరితకే ఎక్కువొచ్చినయన్నవ్ గద."

"ఎక్కువే. ఎనభైకి డెబ్బై ఒకటి. తండల సోమ్లీ మనవరాలు నవ్యకు అరవై ఆరు. అయినా జనగామకు పోయేది నవ్యనే."

జనగామ బడి ముచ్చట దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో చలికాలం నుంచి నలుగుతూనే ఉంది. ఐదో తరగతి పిల్లల్లో తెలివైన వాళ్లను బడికొక్కరి చొప్పున ఏరి అక్కడి హాస్టల్లో పెడతారు. తిండి, బట్ట, పుస్తకం, పైచదువు అన్నీ వాళ్లే చూస్తారు. ఊరి జనం దానికి మెరికల బడి అని పేరు పెట్టుకున్నారు. హరిత అందులో చేరినట్టే అనుకుని కల్పన మిర్చి చేలో నలుగురికీ చెప్పుకుంది కూడా.

"పరీక్షతోని అయిపోలేదట," అంది కల్పన. "ఇంటి మాటకు ఇంకో ఇరవై మార్కులున్నయట. సారు ఇంటింటికి పోయి, మీ పిల్ల ఇంట్ల ఎట్లుంటది, ఎంత తెలివి అని పెద్దోళ్లను అడిగి మార్కులెయ్యాలె. పరీక్షకు ముందుగాల సారు మనింటికొచ్చిననాడు నేను మిర్చి ఏరబోయిన. నువ్వు గనిల ఉన్నవ్. ఇంట్ల ఉన్నది మహారాణి మీ అవ్వ ఒక్కతే."

దేవేందర్ తల్లి వైపు తిరిగాడు. "ఏమన్నవే?"

యాకమ్మ చాటలోంచి తలెత్తలేదు. "ఏమంట? అందరనేదే అన్న. ఏం తెలివి సారూ, ఉత్త మొద్దుది అన్న. చెప్పింది చెవికెక్కదు అన్న. గొడ్ల కాడికి తోలితే గొడ్లే నయమనిపిస్తది అన్న."

దేవేందర్‌కు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఇంకేం మిగిలిచ్చినవ్ అవ్వా?"

"ఇంటికొచ్చినోని ముందట సొంత పిల్లను ఎవలన్న పొగుడుకుంటార్రా? లచ్చవ్వ మనుమడు దున్నపోతు లెక్కుంటడు. అయినా ఆమె ఏమంటది? మావోడు తిండికి చాలక కట్టెపుల్లయిండు అంటది. అందరు గంతే."

"లచ్చవ్వ మనుమనికి ఎవ్వరు మార్కులేస్తలేరు," అంది కల్పన గోడకు చెప్పినట్టు.

యాకమ్మకు ఆ రోజు కళ్లకు కట్టినట్టు ఉంది. వాకిట్లో గుంజ నీడ ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతుందో చూడాలని హరిత పొద్దటి నుంచి గులకరాళ్లు పేర్చుకుంటూ వచ్చింది. ఏ రాయి మీదికి నీడ వస్తే బడిగంట కొడతారో, ఏ రాయి మీదికి వస్తే ఖమ్మం బస్సు వస్తుందో పిల్ల తప్పు లేకుండా చెప్పేది. తిరుపతి సారు బండి మలుపు తిరిగిన చప్పుడు వినగానే యాకమ్మ చీపురు పట్టుకుని ఆ రాళ్లన్నీ ఊడ్చేసింది. పరాయి కన్ను పడకూడదు. మంచం వాల్చింది, చాయ్ పెట్టింది, సారు అడగగానే మొద్దుది అంది. అని, ఆయన చూడకుండా పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మింది.

ఆమెకు ఐలేశ్ గుర్తున్నాడు. దేవేందర్ కంటే ముందు పుట్టిన పెద్దకొడుకు. ఊరు ఊరంతా వాణ్ని మెచ్చుకుంది, తనూ మురిసిపోయి నలుగురిలో చెప్పుకుంది. ఆ వానాకాలం జ్వరం వచ్చింది. మానుకోట దవాఖానకు నడిచి పోయిన పిల్లగాడు ఎడ్లబండి మీద శవమై తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆమె ఇంట్లో ఏ బిడ్డనూ మంచి మాట అనలేదు. దేవేందర్‌ను పెళ్లయ్యే దాకా కోతి మొకపోడా అనే పిలిచింది.

ఇదంతా కల్పనకు తెలియనిది కాదు. అయినా ఈ పూట తెలిసినా తెలియనట్టే ఉంది.

"సారు వచ్చిండని నాకొక్క మాట జెప్పినవా అత్తా?" అంది. మాట మొదలైంది, కానీ పాత మాట కాదు. "జెప్పక పోతివి. సారు మనింటికే రాలేదు, తండోడు గనుక తండ పిల్లకు ఏసుకున్నడని నేను అర్జీ పెడితి. ఇయ్యాల మానుకోటల పిలిచిన్రు. ఇప్పుడు నేను పోయి ఏం జెప్పాలె? మా అత్తనే పిల్లను మొద్దుది అన్నదని జెప్పాల్నా?"

పక్కింటి కోడి వాకిట్లోకి వచ్చి, మిరప గింజ నోట కరుచుకుని పోయింది.

"రాలేదనే జెప్పాలె," అన్నాడు దేవేందర్ మెల్లగా. "అవ్వ జెప్పాలె. ఇంట్ల ఉన్నది అవ్వనే గద. సారు రాలేదంటే ఇంటి మార్కులు కొట్టేస్తరు. పరీక్ష మార్కులే లెక్క. మన హరితే పోతది."

"మరి నవ్య?" అంది యాకమ్మ.

"నవ్య సంగతి నవ్యోళ్లు చూసుకుంటరు."

"సారు నౌకరి?"

"నీకు మనవరాలు ఎక్కువనా, సారు ఎక్కువనా?" అంది కల్పన. "నీ నోటితోనే పోయింది. నీ నోటితోనే రావాలె."

తలుపు చాటున హరిత జడలు వేసుకుని, బడి బట్టలు తొడుక్కుని నిలబడి ఉంది. తనను ఎవరూ ఏమీ అడగలేదు.

అప్పుడే సోమ్లీ వచ్చింది. యాకమ్మతో కలిసి పదేళ్లుగా మిర్చి ఏరుతున్న మనిషి. ఆ ఇంట్లో నిన్నటి నుంచి ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. నేరుగా వచ్చి చాట ఎదురుగా కూర్చుని, అడగకుండానే తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

"యాకమ్మక్కా, పోరికి పెట్టెల ఏమేం పెట్టాలె? కొడుకు జాల్యా, కోడలు గుంటూరు దిక్కు మిర్చికి పోయిన్రు. నాకేం ఎరుక? దుప్పటి వాళ్లే ఇస్తరా, మనమే పెట్టాల్నా?"

యాకమ్మ చాటను తన వైపుకు జరుపుకుంది. "ఇస్తరేమో," అంది.

"ఆడ ఎట్ల బతుకుతదో ఏమో. ఉత్త మందపోరి. నిద్ర లేపితే లేవది, తినమంటే తినది."

కల్పన గిర్రున తిరిగింది. "మరి సారు అడిగినప్పుడు గిదే జెప్పినవా సోమ్లవ్వా?"

"యాడ అడిగిండు బిడ్డా? సారు తండకొచ్చిననాడు నేను మీ అత్తతోని చేన్లనే ఉన్న గద. ఇంటికి తాళమేసి ఉండె. మళ్లొకపారి వచ్చినా తాళమే. ఇంట్ల మనిషి లేకుంటే సగం మార్కులు ఎయ్యాల్నట, పది ఏసిండట." సోమ్లీ నవ్వింది. "దొరికి ఉంటే నేను గూడ మొద్దుదే అందును. తాళం నా పోరిని గెలిపిచ్చింది."

ఆమె నవ్వుకు ఎవరూ నవ్వలేదు. సోమ్లీ ముగ్గురినీ చూసింది. చేతిలోని కాయను చాటలో పెట్టింది. ఏదో అర్థమైనట్టు, లేదా ఏమీ అర్థం కానట్టు, కొంగు దులుపుకుని లేచింది.

"నేను మళ్లొస్త అక్కా."

"పో," అంది యాకమ్మ. కూర్చో అనాల్సింది పో అన్నాననే సంగతి ఆమెకు సోమ్లీ మలుపు తిరిగాక తెలిసింది.

*

మానుకోట ఆఫీసు వరండాలో బెంచీ మీద యాకమ్మ, ఆ చివర హరిత. దేవేందర్ లోపల ఎవరి కోసమో వెతుకుతున్నాడు. కల్పన నీళ్ల సీసా నింపుకు రావడానికి పోయింది. పోతూ పోతూ అత్త చెవి దగ్గర వంగి, "రాలేదు. గదొక్క మాట. ఇంకేం మాట్లాడకు," అంది.

తిరుపతి సారు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. యాకమ్మ లేచి ఆయన దగ్గరికి పోయింది.

"సారూ, ఒక్క మాటడుగుత. నువ్వు తండల పుట్టి పెరిగినోనివి. ముసలోళ్లు పిల్లను ఎందుకు తిడ్తరో నీకెరుక లేదా? మీ అవ్వ నిన్ను తిట్టలేదా?"

"తిట్టింది," అన్నాడు సారు. "పందిపిల్ల అంటుండె."

"మరి నా మాటకు రెండే మార్కులు ఎట్లేస్తివి?"

ఆయన తడిసిన చొక్కాను వీపు నుంచి లాగి వదిలాడు. "చెప్పింది చెప్పినట్టు ఏయాలె, మీ తెలివి వాడొద్దని మాకు ముందే చెప్పిన్రు అవ్వా. అయినా నేను వాడుదామనే అనుకున్న. ఇంటికి పోయి ఆలోచించిన. హరితకు పెంచుదామంటే, నవ్యకు గూడ అట్లనే పెంచాలె గద, ఆమె నాయనమ్మ గూడ అట్లనే తిడుతుండె కావచ్చు. నవ్యకు పెంచితే మావోళ్ల పిల్ల అని ఊరంతా నా మీద పడతది. హరితకు పెంచితే మా తండోళ్లు, పై కులపోళ్లకు భయపడ్డడంటరు. అందుకని చెప్పింది చెప్పినట్టే ఏసిన. భయపడి నిజం రాసిన. ఆఖరికి ఆ అర్జీ వచ్చింది."

"నిన్న మా ఇంటికొచ్చి చెప్పకపోతే ఏమైతుండె?"

"హరిత నా కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తలేదు అవ్వా. పరీక్షల తప్పు జేసిన్నని అనుకుంటున్నది. తప్పు నీది గాదని పిల్లకు చెప్పనీకొచ్చిన."

కల్పన నీళ్ల సీసాతో వస్తూ వాళ్లిద్దరినీ చూసింది. నడక ఆపలేదు. అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పట్టు గట్టిగా ఉంది. సారు కూడా వాళ్ల వెనకే వచ్చాడు.

లోపల ఆ బడి ఎంపిక చూసే మేడం వయసులో చిన్నది. కుర్చీ చూపించి, "మీరేనా యాకమ్మ గారు?" అంది. గారు అనే మాట విని యాకమ్మ, ఇంకెవరినో పిలిచారనుకుని పక్కకు చూసింది.

"ఈ మాస్టారు పిల్ల గురించి అడగడానికి మీ ఇంటికి వచ్చారా, రాలేదా?"

ఫ్యాను తిరుగుతోంది. దేవేందర్ గొంతు సవరించుకున్నాడు. కల్పన అత్త భుజం మీద చెయ్యి వేసింది. తెరిచిన తలుపు అవతల బెంచీ మీద హరిత కాళ్లు మాత్రం కనబడుతున్నాయి.

యాకమ్మ ఆ కాళ్లను చూసింది. ఆ కాళ్లకు మెరికల బడి బూట్లు ఎలా ఉంటాయో నిన్నటి దాకా ఎన్నోసార్లు అనుకుంది. రాలేదు అంటే చాలు. తాను నోరు జారి పోగొట్టింది నోటితోనే వస్తుంది. సోమ్లీ పెట్టెలో దుప్పటి పెట్టి ఉంటుంది ఈపాటికి. పెట్టినవి మళ్లీ తీయాలి, ఆ తీసే చేతులు తనకు తెలుసు.

"వచ్చిండు," అంది.

భుజం మీది చెయ్యి లేచిపోయింది.

"వచ్చిండు మేడం. మంచం మీద కూసున్నడు. చాయ్ తాగిండు. మంచిగనే అడిగిండు. నేనే అబద్ధం జెప్పిన."

"అబద్ధమా?"

"మొద్దుది అన్న. మొద్దుది గాదు." ఇన్నేళ్లలో యాకమ్మ నోట రాని మాటలు, ఇంతమంది ముందు, పట్టపగలు. "దానికి ఒక్కపారి చెప్తే చాలు. నీడను జూసి టైము జెప్తది. పురుగుల మందు డబ్బా మీద ఉన్నదంతా సదివి, గిది చేతులకు అంటితే కడుక్కోవాలె బాపమ్మా అని నాకే జెప్తది. సుక్కలు ఎందుకు మిణుకుమంటయని అడిగితే మా ఇంట్ల జవాబు జెప్పేటోడు లేడు. నా కడుపుల పుట్టినోళ్లల్ల గూడ అంత తెలివి ఎవ్వరికీ లేదు. దిష్టి తగుల్తదని అట్లన్న. గంతే."

మేడం కలం కింద పెట్టింది. ఆమె మొఖంలో కోపం లేదు, అదే యాకమ్మను ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా, ఒట్టి పరీక్షే పెడితే ట్యూషన్లు చదివిన పిల్లలే నెగ్గుతారు, పల్లె పిల్లలకు అన్యాయం జరుగుతుందని ఈ ఇంటి మాట పెట్టాం. మీలాంటి వాళ్ల కోసమే పెట్టాం."

"మా అసొంటోళ్లు ఎవ్వరన్న పిల్లను పొగిడిన్రా మేడం?"

జనగామ టౌనులో ఉద్యోగస్తులు తమ పిల్లల గురించి గంటల తరబడి చెప్పారని, అక్కడ ఇంటి మాటకు పద్దెనిమిదికి తగ్గిన పిల్ల లేదని తిరుపతి సారు వెనక నుంచి మెల్లగా అన్నాడు. మేడం ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన ఆగిపోయాడు.

"ఇవాళ మీ మాట మారిస్తే రేపు ప్రతి ఇంటివాళ్లూ వచ్చి మారుస్తామంటారు. అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి కదా."

"ఇంట్ల మనిషి లేనోళ్లకు సగం ఏసిన్రట గద మేడం." యాకమ్మ చేతులు జోడించింది. "నేను గూడ ఆనాడు ఇంట్ల లేననుకోరాదా? నవ్యను తియ్యకున్రి. ఇద్దరిని తీసుకోరాదా?"

"బడికొక్కరేనమ్మా." మేడం కాగితాలు దగ్గరికి జరుపుకుంది. "మాస్టారు తప్పేమీ లేదు. అర్జీ కొట్టేస్తున్నాం."

కల్పన అప్పటికే బయటికి పోయింది.

*

బస్టాండులో ఎండ మండిపోతోంది. కల్పన హన్మకొండ బస్సు ముందు నిలబడి ఉంది. చంకలో సంచి, చేతిలో పిల్ల చెయ్యి.

"ఇది మన ఊరి బస్సు గాదు గద," అన్నాడు దేవేందర్.

"రేగొండకు పోతున్న, మా అమ్మోళ్లింటికి. ఆడ ప్రైవేటు బడిల చేరుస్త. పత్తి ఏరుతనో, ఇండ్లల్ల పాసి పని చేస్తనో, నేనే సదివిపిస్త." ఆమె అత్త వైపు చూడలేదు. "నా పిల్ల గా ఇంట్ల ఉంటే మొద్దుదే అయితది."

"కల్పనా, జర ఇను బిడ్డా," అంది యాకమ్మ.

"ఎవలకోసం నిజం జెప్పినవ్ అత్తా? సారుకోసమా, సోమ్లీకోసమా? మంచిగ జెప్పినవ్. మెచ్చుకుంటరు నిన్ను. నా పిల్లకు అబద్ధం, ఊరోళ్లకు నిజం."

కండక్టరు ములుగు, పరకాల అని ఎవరికో దారి చెబుతున్నాడు. దేవేందర్ భార్య సంచి పట్టుకోబోయాడు, ఆమె ఇవ్వలేదు.

యాకమ్మ వంగి పిల్ల చెంప ముట్టుకుంది. హరిత దూరం జరగలేదు. తడి లేని కళ్లతో ముసలామెను చూసింది.

"బాపమ్మా, లోపట జెప్పింది నిజమా, సారుకు జెప్పింది నిజమా?"

"లోపట జెప్పిందే బిడ్డా."

"సారు వచ్చిననాడు నేను తలుపెనుకనే ఉన్న. మొద్దుది అన్నవ్ గద. నిజమే అనుకున్న." పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు, లెక్క అప్పజెప్పినట్టు చెబుతోంది. "మొద్దుదాన్ని గద, అందరి కన్న ఎక్కువ సదవాలె అని మస్తు సదివిన. మరి గట్లెందుకన్నవ్?"

"నిన్నెవ్వరు చూడొద్దని బిడ్డా. ఎవ్వరి కండ్లల్ల నువ్వు పడొద్దని."

హరిత తల అడ్డంగా ఊపింది.

"ఎవ్వరు చూడలే బాపమ్మా," అంది.

తల్లి చెయ్యి లాగితే మెట్టెక్కింది. బస్సు కదిలి, గేటు దగ్గర ఆగి, రోడ్డెక్కింది. దేవేందర్ ఆ బస్సు ఎక్కలేదు. తల్లి పక్కకూ రాలేదు.